ఇంట్లో పులి, బ్యాండ్‌లో పిల్లి: గిటార్ యాంప్ మీద వాల్యూమ్, గెయిన్ ఎలా పెట్టుకోవాలి

నా మొదటి యాంప్ సెట్టింగ్ ఇప్పటికీ గుర్తుంది. గెయిన్ 9, బేస్ (కింది స్వరాలు) 8, మిడ్ (మధ్యవి) 2, ట్రెబుల్ (పైవి) 8, వాల్యూమ్ మాత్రం 1 కూడా దాటదు ఎందుకంటే పక్క గదిలో వాళ్ళు పడుకోవాలి కదా. ఆ సెట్టింగ్‌లో గిటార్ ఎంత బాగుండేదంటే, ఒక్క తీగ అలా ముట్టుకుంటే చాలు గర్జించేది, నేనేదో పెద్ద స్టేజ్ మీద ఉన్నట్టు ఫీలయ్యేవాణ్ణి. నాబ్స్ అన్నీ ఫోటో తీసుకుని మరీ మొదటి రిహార్సల్‌కి వెళ్ళా. డ్రమ్మర్ రెండు బార్లు కొట్టాడో లేదో నా గిటార్ మాయం. వాల్యూమ్ పెంచా, అయినా మాయం. ఇంకా పెంచితే ఇప్పుడు వినపడుతోంది గానీ అది గిటార్‌లా లేదు, రేకు డబ్బాలో జోరీగని పెట్టి మూతేసినట్టుంది. పాట అయ్యాక డ్రమ్మర్ అడిగాడు, "అసలు నువ్వు వాయించావా రా?" అని.

చాలా రోజులు యాంప్‌దే తప్పనుకున్నా, తర్వాత పికప్స్ (తీగల కదలికని పట్టే భాగాలు) అనుకున్నా, పెడల్స్ (కాలితో నొక్కి సౌండ్ మార్చే డబ్బాలు) కొన్నా, అమ్మేశా. నిజానికి తప్పు నా చెవిదీ, ఆ గెయిన్ నాబ్ మీద నాకున్న ప్రేమదీ. ఈ రెండూ అర్థమైతే ఇప్పుడు మీ దగ్గరున్న యాంప్‌తోనే సగం గొడవ తీరిపోతుంది.

ముందు చెవి సంగతి. సౌండ్ తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి మిడ్స్ బాగా వినపడతాయి, బేస్ బాగా తక్కువ వినపడుతుంది, పైనుండే ట్రెబుల్ కూడా కొంత తగ్గుతుంది. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి 1933లోనే గ్రాఫులు గీసి పెట్టారు. అందుకే ఇంట్లో చిన్న సౌండ్‌తో వాయిస్తున్నప్పుడు మన చెయ్యి దానంతటదే బేస్, ట్రెబుల్ పెంచేసి మిడ్ తగ్గించేస్తుంది, చెవికి లోటుగా ఉన్నదాన్ని నాబ్‌తో పూడ్చుకుంటున్నాం అన్నమాట. అదే సెట్టింగ్‌ని గట్టిగా పెడితే చెవి ఇప్పుడు బేస్‌నీ ట్రెబుల్‌నీ పూర్తిగా వింటుంది, దాని మీద మనం పెంచింది అదనం, ఇంకేముంది, కింద బుమ్‌బుమ్, పైన కీచుకీచు, మధ్యలో ఖాళీ. పైగా బ్యాండ్‌లో ఆ కింద భాగం బేస్ గిటార్‌దీ కిక్ డ్రమ్‌దీ, ఆ పై భాగం సింబల్స్‌ది. గిటార్‌లో లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మొదలైనా సరే, జనానికి గిటార్ అని తెలిసేది సుమారు 400 నుంచి 3000 హెర్ట్జ్ మధ్యలోనే, నేనేమో సరిగ్గా ఆ ముక్కనే కోసి పారేశా.

ఇక గెయిన్. గెయిన్ అంటే ఇంకో వాల్యూమ్ నాబ్ అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ వాళ్ళలో ఒకణ్ణే. యాంప్ లోపల సిగ్నల్ ముందు ప్రీయాంప్‌లోకి వెళ్తుంది, తర్వాత పవర్ యాంప్, తర్వాత స్పీకర్. గెయిన్ నాబ్ ప్రీయాంప్‌ని ఎంత గట్టిగా తొయ్యాలో చెప్తుంది, మాస్టర్ నాబ్ అక్కడ తయారైన సౌండ్‌లో ఎంత ముందుకి పంపాలో చెప్తుంది. ప్రీయాంప్ ఒక హద్దు వరకే మొయ్యగలదు, అది దాటితే వేవ్ పైభాగం, కిందభాగం కత్తిరించినట్టు చదునైపోతాయి, దీన్నే క్లిప్పింగ్ అంటారు, డిస్టార్షన్ అంటే ఇదే. చదునైన చోట కొత్త హార్మోనిక్స్ (అసలు నోట్‌కి పైన వినిపించే అదనపు స్వరాలు) పుడతాయి, అందుకే సౌండ్ మందంగా, కరకరలాడుతూ వస్తుంది. కానీ ఒక్కసారి హద్దు తగిలాక గెయిన్ ఎంత తిప్పినా వేవ్ ఎత్తు పెద్దగా పెరగదు, ఇంకా ఇంకా నలుగుతుంది అంతే. మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకటే సైజులో బయటికి వస్తుంది. డ్రమ్స్ మధ్యలో గిటార్ దూసుకొచ్చేది పిక్ తీగకి తగిలే ఆ మొదటి దెబ్బతోనే, గెయిన్ 9 లో ఆ దెబ్బే మిగలదు. పైగా హమ్, బుస్‌మనే శబ్దం, మీరు వాయించని తీగల గోల, ఇవన్నీ గెయిన్‌తో పాటే పెరుగుతాయి.

ఒక చిన్న లెక్క చెప్తా, ఇది తెలిశాక నాకు చాలా విషయాలు వెలిగాయి. 110 హెర్ట్జ్ ఎ నోట్, దాని మీద ఐదో నోట్ ఇ 165 హెర్ట్జ్, ఈ రెండూ కలిపి పవర్ కార్డ్ (నోట్లు కలిపి మీటితే అది కార్డ్) వాయించారనుకోండి. డిస్టార్షన్‌లో రెండు నోట్లు కలిస్తే వాటి తేడా కూడా ఒక కొత్త నోట్‌గా పుడుతుంది, 165 లోంచి 110 తీస్తే 55, అది మళ్ళీ ఎ నోటే, ఒక ఆక్టేవ్ (స్థాయి) కింద. అంటే యాంప్ మీకు ఫ్రీగా కింద ఒక బేస్ నోట్ ఇచ్చింది, పవర్ కార్డ్ అంత బలంగా వినపడేది అందుకే. ఇప్పుడు ఐదో నోట్ బదులు మేజర్ థర్డ్ (మన అంతర గాంధారం) వాయించండి, గిటార్ ట్యూనింగ్‌లో అది సుమారు 138.6, తేడా 28.6. కిందున్న ఎ నోట్ 27.5 కదా, దానికి ఇది కొంచెం పక్కకి జరిగి కూర్చుంది, సరిగ్గా శ్రుతిలో లేదు. ఆరు తీగల కార్డ్‌లో ఇలాంటి తేడాలు బోలెడు పుట్టి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, ఫుల్ గెయిన్‌లో ఓపెన్ కార్డ్ బురదలా వినపడటానికి కారణం ఇదే, మీ వేళ్ళ తప్పు కాదు (వేళ్ళ తప్పు కూడా ఉండొచ్చు, అది వేరే విషయం).

మరి పాత రికార్డుల్లో ఆ సౌండ్ ఎక్కడిది అంటారా. 1960ల నాటి మార్షల్ సూపర్ లీడ్ లాంటి యాంప్స్‌కి అసలు మాస్టర్ వాల్యూమే లేదు. యాంప్‌లోంచి డిస్టార్షన్ కావాలంటే వాల్యూమ్ పెంచడం ఒక్కటే దారి, అది కూడా 100 వాట్ల యాంప్ మీద, పక్కన నిలబడ్డవాళ్ళ చెవులు ఏమైనా కానీ. అప్పుడు పవర్ యాంప్‌లోని వాక్యూమ్ ట్యూబ్స్, వాటికి సిగ్నల్ అందించే ఫేజ్ ఇన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్, చివరికి స్పీకర్ పేపర్ కూడా అన్నీ కలిసి చెమటోడ్చేవి. 1964లో కింక్స్ బ్యాండ్ గిటారిస్ట్ డేవ్ డేవిస్ అయితే డిస్టార్షన్ కోసం బ్లేడ్ పెట్టి స్పీకర్ కోన్‌నే చీల్చేశాడు, మీరు మాత్రం చెయ్యకండి, స్పీకర్లు ఊరికే రావు. 1975లో మార్షల్ 2203 మోడల్‌తో మాస్టర్ వాల్యూమ్ తెచ్చింది, దాంతో తక్కువ సౌండ్‌లో కూడా ప్రీయాంప్ డిస్టార్షన్ దొరికింది. మంచిదే, కానీ ఆ సౌండ్ వేరు. ప్రీయాంప్ డిస్టార్షన్ సన్నగా, బిగుతుగా, కాస్త బుసబుసలాడుతూ ఉంటుంది, పవర్ యాంప్ డిస్టార్షన్ చేతికి స్పందిస్తుంది, గట్టిగా మీటితే కొంచెం ఒంగి మళ్ళీ లేస్తుంది. నా మటుకు నాకు రెండోదే ఇష్టం.

అలాగని 100 వాట్లు కొనేయకండి. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు పది రెట్లు వాట్లు కావాలి. అంటే 50 వాట్లకీ 100 వాట్లకీ తేడా ఉంటుంది గానీ మీరు డబ్బు పెట్టినంత ఉండదు. తిరగేసి చూస్తే ఇంకా తమాషా, సెలెషన్ గ్రీన్‌బ్యాక్ లాంటి స్పీకర్‌కి 1 వాట్ ఇస్తే ఒక మీటర్ దూరంలో 98 డెసిబెల్స్ ఇస్తుంది, 5 వాట్లిస్తే లెక్క ప్రకారం సుమారు 105. 5 వాట్ల ట్యూబ్ యాంప్ ఇంటికి సరిపోతుందిలే అని కొని ఫుల్ పెట్టినవాళ్ళకి పక్కింటివాళ్ళే ఈ లెక్క చెప్తారు.

సరే, నాబ్స్ దగ్గరికొద్దాం. మీరు నిజంగా ఎంత గట్టిగా వాయించబోతున్నారో ఆ సౌండ్‌లోనే సెట్ చెయ్యండి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. గిటార్ వాల్యూమ్ 8 దగ్గర ఉంచండి, కాస్త మిగలాలి. బేస్, మిడ్, ట్రెబుల్ మూడూ 5 లో పెట్టండి, గెయిన్ బాగా కిందికి దించి, మాస్టర్ పెంచుకుంటూ డ్రమ్స్ పక్కన సరిపోయే సౌండ్‌కి రండి. ఇప్పుడు గెయిన్ మెల్లగా పెంచుతూ ఒకే కార్డ్‌ని ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా మీటుతూ ఉండండి. మెల్లగా మీటితే క్లీన్‌గా, గట్టిగా మీటితే చిట్లుతున్నట్టు వచ్చే చోటు ఒకటి దొరుకుతుంది, యాంప్‌కి ప్రాణం ఉండేది అక్కడే. రాక్ రిథమ్‌కి అక్కడి నుంచి ఇంకొంచెం పైకి వెళ్ళండి, మెటల్ అయితే ఇంకా. ఇది బాగుంది అనిపించిన చోట ఆగి, ఒక్క గీత వెనక్కి తిప్పండి. ఆ ఒక్క గీత వెనక్కి తిప్పడం నాకు అలవాటవడానికి రెండేళ్ళు పట్టింది. గెయిన్ పెంచిన కొద్దీ సౌండ్ కూడా కాస్త పెరుగుతుంటుంది, అది చూసుకుని మాస్టర్ సర్దుకుంటూ పోవాలి, లేకపోతే గట్టిగా ఉన్నదే బాగున్నట్టు చెవి మోసపోతుంది. ఎక్కువైందా లేదా అని తెలియకపోతే ఓపెన్ జి కార్డ్ కొట్టి చూడండి, ఒక్కో తీగా విడిగా వినపడుతోందా, అంతా ఒకే ముద్దయిపోయిందా? ముద్దయితే గెయిన్ తగ్గించాల్సిందే.

ఆ తర్వాతే ఈక్యూ, అంటే బేస్, మిడ్, ట్రెబుల్ నాబ్స్. ముందు మిడ్ ముట్టుకోండి, 6, 7 కి వెళ్ళినా భయపడొద్దు, ఒంటరిగా వింటే ముక్కుతో మాట్లాడుతున్నట్టుంటుంది గానీ బ్యాండ్‌లో అదే కరెక్ట్‌గా కూర్చుంటుంది. వాల్యూమ్ పెంచినప్పుడల్లా బేస్ తగ్గించాలి. ఇక్కడ ఒక కిటుకు ఉంది, క్లాసిక్ ఫెండర్ యాంప్స్‌లో టోన్ నాబ్స్ సర్క్యూట్‌లో ముందుంటాయి, డిస్టార్షన్ వాటి తర్వాత పుడుతుంది, అందుకని అక్కడ బేస్ ఎక్కువ పెట్టి గట్టిగా తోస్తే లావు తీగలు లొడలొడలాడిపోతాయి. మార్షల్ తరహాలో ప్రీయాంప్ డిస్టార్షన్ అయ్యాక టోన్ నాబ్స్ వస్తాయి, కాబట్టి అక్కడ బేస్ పెంచితే మందం పెరుగుతుంది గానీ డిస్టార్షన్ తీరు పెద్దగా మారదు. డిస్టార్షన్‌కి ముందు బేస్ కొయ్యడం వేరు, తర్వాత కొయ్యడం వేరు అని గుర్తుంటే చాలు. ట్యూబ్ స్క్రీమర్ లాంటి ఓవర్‌డ్రైవ్ పెడల్‌ని హై గెయిన్ యాంప్ ముందు డ్రైవ్ (పెడల్ గెయిన్) దాదాపు సున్నా, లెవెల్ (పెడల్ వాల్యూమ్) బాగా పైకి పెట్టి వాడేది ఇందుకే, అది 720 హెర్ట్జ్ దగ్గర మిడ్‌ని ముందుకి తోసి, కింద బేస్‌ని తగ్గించి యాంప్‌లోకి పంపుతుంది, దాంతో రిఫ్ బిగుతుగా వస్తుంది. చాలామంది ఆ పెడల్ కొని డ్రైవ్ ఫుల్ పెట్టి, యాంప్ గెయిన్ కూడా ఫుల్ పెట్టి, ఇదేం పెడల్ అని తిట్టుకుంటారు.

ట్రెబుల్ చివర్లో, అది కూడా స్పీకర్ ఎదురుగా కిందికి ఒంగి విన్నాకే. ట్రెబుల్ టార్చిలైట్ లాంటిది, తిన్నగా ముందుకే పోతుంది. యాంప్ నేల మీద, మీ చెవి దానికి నాలుగడుగులు పైన, అంటే మీ మోకాళ్ళు మాత్రం మంచి టోన్ వింటున్నాయి. మీకేమో డల్‌గా ఉందని ట్రెబుల్ పెంచుతారు, ఎదురుగా కూర్చున్నవాళ్ళ చెవుల్లో సూదులు దిగుతాయి. యాంప్‌ని వెనక్కి వాల్చండి, లేదా కుర్చీ మీద పెట్టండి, పైసా ఖర్చు లేదు.

సోలోకి సౌండ్ పెరగాలని యాంప్ ముందు బూస్ట్ పెడల్ పెట్టినా పెరగట్లేదని అడుగుతుంటారు. ప్రీయాంప్ అప్పటికే హద్దులో ఉంటే ముందు నుంచి ఎంత తోసినా డిస్టార్షనే పెరుగుతుంది. బూస్ట్‌ని ఎఫెక్ట్స్ లూప్‌లో (పెడల్స్ కలపడానికి యాంప్‌కి ఉండే విడి సాకెట్లు) పెట్టండి, అది ప్రీయాంప్ తర్వాత ఉంటుంది కాబట్టి అప్పుడు నిజంగానే వాల్యూమ్ పెరుగుతుంది. అదీ ఎప్పుడంటే పవర్ యాంప్‌లో ఇంకా చోటుంటేనే. డిలే, రివర్బ్ లాంటి ప్రతిధ్వని పెడల్స్ కూడా లూప్‌లోనే బాగుంటాయి, లేకపోతే వాటి తోకలు కూడా డిస్టార్షన్‌లో నలుగుతాయి. రిథమ్‌కి గిటార్ వాల్యూమ్ 6, 7 కి దించితే సౌండ్ క్లీన్ అవుతుంది, ఇంకో ఛానెల్ అక్కర్లేదు. అలా దించినప్పుడు దుప్పటి కప్పినట్టు డల్ అయితే, వాల్యూమ్ పాట్‌కి ట్రెబుల్ బ్లీడ్ అని ఒక చిన్న కెపాసిటర్ వేయించుకోండి.

ఇంట్లో వాయించేవాళ్ళు ఇంటికొక సెట్టింగ్, బ్యాండ్‌కొక సెట్టింగ్ విడిగా పెట్టుకోండి, అంతే. మోడలర్ (యాంప్‌ల సౌండ్‌ని అనుకరించే డిజిటల్ పరికరం) వాడుతున్నా ఇదే కథ, హెడ్‌ఫోన్స్‌లో చేసిన ప్రీసెట్‌ని గట్టిగా విని సరిచెయ్యకుండా వాయించడానికి తీసుకెళ్ళకండి. ట్యూబ్ యాంప్‌ని ఇంట్లో తోయాలంటే అటెన్యుయేటర్ (స్పీకర్‌కి వెళ్ళే పవర్ తగ్గించేది) గానీ లోడ్ బాక్స్ (స్పీకర్ బదులు ఆ పవర్ మింగేది) గానీ వాడండి, కానీ స్పీకర్ తీసేసి ఊరికే మాత్రం ఎప్పుడూ ఆన్ చేసి వాయించకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు, స్పీకర్ ఓమ్స్ (విద్యుత్ నిరోధం) కూడా యాంప్ వెనక రాసినట్టే కలపాలి. ఇక చెవుల సంగతి, అమెరికాలో నియోష్ అనే సంస్థ చెప్పే పరిమితి 85 డెసిబెల్స్‌కి 8 గంటలు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైం సగం, అంటే 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే. రిహార్సల్ పావుగంటలో అవ్వదు కాబట్టి ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోండి.

నా నాబ్స్ ఇప్పుడు గెయిన్ 4, బేస్ 3, మిడ్ 7, ట్రెబుల్ 5. ఇంట్లో ఒక్కణ్ణే వింటే నాకే నచ్చదు, బొంగురు గొంతులా ఉంటుంది. పోయిన రిహార్సల్‌లో మొదటి పాట సగంలోనే డ్రమ్మర్ ఆపేసి, "కాస్త తగ్గించరా బాబూ, నా స్నేర్ నాకే వినపడట్లేదు" అన్నాడు.