లిటిల్ అండమాన్‌కి సర్ఫింగ్ బోర్డు పట్టుకెళ్లే ముందు జాగ్రత్తలు

రుషికొండ ఇసుకలో పడి లేవడం అలవాటైనవాళ్లు ముందు ఈ తేడా గుర్తుపెట్టుకోండి: లిటిల్ అండమాన్‌లో మంచి అలలు లేచే చాలా చోట్ల కింద పగడపు దిబ్బలుంటాయి.

- పడేటప్పుడు తల ముందుకు పెట్టి దూకొద్దు, ఒళ్లు వెడల్పుగా పరిచి పడండి. పగడాలు గుచ్చుకోకుండా రీఫ్ బూట్లు వేసుకోండి. గీసుకుంటే వెంటనే మంచినీళ్లు, సబ్బుతో రుద్ది కడిగి, ఇరుక్కున్న పగడపు ముక్కలు పట్టకారుతో తీసేయాలి. చిన్న గీతే కదా అని వదిలేస్తే చీము పడుతుంది.

- వాగులు సముద్రంలో కలిసే చోట అసలు దిగొద్దు. ఉప్పునీటి మొసళ్లుంటాయి. ఎక్కడ దిగాలో అక్కడి జాలర్లను అడగండి, వాళ్లు వద్దంటే వద్దంతే.

- విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి (2024 నుంచి శ్రీ విజయపురం) ఓడ ఎప్పుడో గానీ ఉండదు. అక్కడి నుంచి లిటిల్ అండమాన్ రేవు హట్ బేకి మళ్లీ ఓడే. సముద్రం బాగోకపోతే ఆపేస్తారు, తిరుగు ప్రయాణానికి రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకోండి.

- అదనపు లీష్ (బోర్డును కాలికి కట్టే తాడు), ఫిన్‌లు (బోర్డు కింది రెక్కలు), వ్యాక్స్ (బోర్డు మీద కాలు జారకుండా రాసే మైనం), నగదు, దోమల మందు వెంట తీసుకెళ్లండి.

- అక్కడి ఆదివాసులైన ఓంగేల రక్షిత ప్రాంతంలో అడుగుపెట్టొద్దు. 1956 నిబంధనల ప్రకారం అది నేరం. అక్కడ అల ఎంత అందంగా విరుగుతున్నా సరే.