సొంత కారు పాఠాలు – 7: ప్లేటు వేసిన బండి షోరూముకెళ్తే

కిందటి పాఠంలో బానెట్ ఎత్తి, కాలిన పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకి పంపే ఇజీఆర్ వాల్వు ఎక్కడుంటుందో చూసుకున్నాం. దానికి ఎవరో రేకు ప్లేటు వేసి మూసేసి ఉంటే, లేదా సైలెన్సర్ దారిలో ఉండాల్సిన డీపీఎఫ్ (డీజిల్ పొగలోని మసి పట్టే ఫిల్టర్) పీకేసి ఉంటే, ఆ బండిని కంపెనీ సర్వీసుకు ఎలా తీసుకెళ్ళాలన్నది ఈ పాఠం. ఒడిశాలోని రాయగడ, గుణుపురం, జయపురం వాళ్ళం సెకండ్‌హ్యాండ్ బండి కావాలంటే విజయనగరమో విశాఖో వెళ్ళి కొనుక్కొస్తాం. పాత ఓనరు దానికి ఏ వైద్యం చేయించాడో మనకెవరు చెప్తారు?

నాకూ ఎవరూ చెప్పలేదు. డీజిల్ బండి, పికప్ బ్రహ్మాండంగా ఉందని మురిసిపోయాను. మామూలు సర్వీసుకిచ్చాను. అక్కడివాళ్ళు నన్నడగకుండానే ఇంజిన్ కంప్యూటరుకి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి, కడిగి, తుడిచి ఇచ్చారు. రెండో రోజు లక్ష్మీపూర్ ఘాటీలో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఎద్దుబండి నడకే. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. ఇంజిన్ అలా బలం తగ్గించుకుని ఈడ్చడాన్నే లింప్ మోడ్ అంటారు. చివరికి రోడ్డు పక్క మెకానిక్ టార్చి వేసి చూసి, "ఆజ్ఞా, ఇజీఆర్ బంద్ అఛి" అన్నాడు ఒడియాలో, అంటే అయ్యా, ఇజీఆర్ మూసేసి ఉందని. రెండు బోల్టులు విప్పితే అరచేతిలో పట్టేంత స్టీలు రేకు బయటపడింది. ఒక పక్క తళతళ, రెండో పక్క కాటుక.

జరిగిందేమిటంటే, పాత ఓనరు రేకు వేయించడంతో ఆగలేదు. ఆ లోపాన్ని కంప్యూటరు పట్టించుకోకుండా రీమ్యాప్, అంటే దాని సాఫ్ట్‌వేర్‌లో మార్పు, కూడా చేయించాడు. షోరూములో ఎక్కించిన అసలు సాఫ్ట్‌వేర్ ఆ రీమ్యాప్‌ని తుడిచేసింది. మూత మాత్రం మూసే ఉంది. ఇజీఆర్‌లోంచి పొగ రావడం లేదని ఇంజిన్ గోలపెట్టింది. ఆ గోల కోడు పి 0401. కాబట్టి ఈ పాఠంలో గుర్తుంచుకోవాల్సిన వరుస: ముందు ఇనుము, తర్వాతే సాఫ్ట్‌వేర్. తీసేసిన భాగం దాని చోటికి చేరాకే అసలు సాఫ్ట్‌వేర్ ఎక్కాలి.

ఇంతకీ ఎందుకు మూస్తారు? ఇజీఆర్ కాలిన పొగలో కొంత మళ్ళీ సిలిండర్లోకి పంపి మంట వేడిని తగ్గిస్తుంది. దాంతో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి. ఆ పొగలోని మసి, ఆయిల్ ఆవిరితో కలిసి లోపలి గొట్టాల్లో తారులా పేరుకుంటుంది. అది చూసి జడిసి మూసేస్తారు. శుభ్రం చేయించుకుంటే పోయేదానికి నోరు కుట్టేయడమెందుకో నాకైతే అర్థం కాదు.

సర్వీసుకి ముందు ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంది. ఇంజిన్ చల్లగా ఉండగా తెల్ల గుడ్డ వేలికి చుట్టి సైలెన్సర్ మూతి లోపల తుడవండి. డీపీఎఫ్ బాగా పనిచేసే డీజిల్ బండైతే గుడ్డ దాదాపు తెల్లగానే వస్తుంది. పెనం అడుగు తుడిచినట్టు నల్లగా వస్తే ఫిల్టర్ పగిలిందనో, లోపల ఖాళీ అనో అనుమానించాలి. కొందరు డబ్బా కోసి, లోపలి తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ తీసేసి మళ్ళీ అతికిస్తారు. డబ్బా మీద కంపెనీ అతుకు నున్నగా ఉంటుంది, వీధి వెల్డింగ్ గడ్డలు కట్టి ఉంటుంది. వేలితో తడిమినా తెలుస్తుంది. ఫిల్టర్‌కి ముందూ వెనకా ఒత్తిడి కొలిచే రెండు సన్న గొట్టాలుంటాయి. లోపల ఖాళీ అయితే రెండు చోట్లా ఒత్తిడి ఒకటే. కంప్యూటరు పట్టేసేది అక్కడే. అప్పుడు వచ్చే కోడు పి 2002.

ఇక షోరూము. తాళాలిచ్చి టీ తాగడానికి వెళ్ళిపోకండి. జాబ్ కార్డు రాసే అడ్వైజర్ దగ్గర కూర్చుని ఈ మాటలు రాయించండి: "ఇజీఆర్ మూసి ఉంది. రీమ్యాప్ అయి ఉండొచ్చు. నాతో మాట్లాడకుండా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయవద్దు." రాశాక ఫొటో తీసుకోండి. దాచిపెట్టి లాభం లేదు. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌కి వాళ్ళ స్కానర్ తగిలిస్తే కంప్యూటర్లో ఉన్నది అసలు ఫైలో కాదో బయటపడే వీలుంది. ఆ తర్వాత అసలు స్థితికి తేవడానికి ఎంతవుతుందో అంచనా కాగితం మీద అడగండి. ఇజీఆర్ అయితే భరించగలం. కొత్త డీపీఎఫ్ ధర వింటే కుర్చీ వెతుక్కోవాలి. వారంటీ ఉన్న బండైతే ఇంజిన్, టర్బో పనులకి వాళ్ళు చేతులెత్తేయొచ్చు. కిటికీ అద్దం మోటారుకి మాత్రం ఆ సాకు చెప్తే ఊరుకోకండి.

"పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందిగా" అని మా బావమరిది వాదన. మన దగ్గర డీజిల్ బండికి చేసేది నల్లపొగ పరీక్షే. రీడింగ్ బీఎస్ 4 బండికి 1.62, బీఎస్ 6 బండికి 0.7 దాటకూడదు. నైట్రోజన్ ఆక్సైడ్లు ఆ మిషనుకి కనపడవు. ఇజీఆర్ మూసిన బండి దర్జాగా పాసైపోతుంది. చట్టం సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ స్థితిని ఇలా మార్చడాన్ని ఒప్పుకోదు. 2019 సవరణలో వచ్చిన 182ఏ ప్రకారం ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పైగా ఏపీ నంబరు బండిని 12 నెలలు మించి ఇక్కడే ఉంచుకుంటే ఓడీ నంబరుకి మార్చుకోవాలి. అప్పుడు ఆర్టీవో ముందు బండి నిలబెట్టాల్సి రావచ్చు.

ఈ వారం అభ్యాసం: తెల్ల గుడ్డ పరీక్ష చేసి, ఆ గుడ్డ మీద తేదీ, కిలోమీటర్లు రాసి డిక్కీలో పెట్టుకోండి. మసి పట్టిన ఇజీఆర్‌ని విప్పి శుభ్రం చేయించుకోవడం 8వ పాఠంలో. పాత బట్టలు వేసుకుని రండి.