గల్ఫ్‌కి కొత్తగా వచ్చినవారికి: మూత్రంలో మంటకు మందు వాడే పద్ధతి

రాజోలు, మలికిపురం, నరసాపురం వైపు నుంచి కువైట్, మస్కట్, దోహా ఇళ్ళల్లో పనికి వచ్చిన ఆడవాళ్ళకు ముందుగా చెప్పాల్సిన సంగతి ఇది. ఏసీ గదుల్లో దాహం తెలియదు. పని మధ్యలో అడగడానికి మొహమాటపడి ఒంటికి వెళ్ళకుండా ఆపుకుంటారు. నిలవున్న మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, అక్కణ్ణుంచి మంట మొదలవుతుంది.

మన వైపు దీన్ని "వేడి చేసింది" అంటారు. అందులో కొంత నిజముంది. నీళ్ళు చాలక మూత్రం చిక్కబడ్డా చురుక్కుమంటుంది. అలాంటిదైతే నీళ్ళు, మజ్జిగ బాగా తాగితే ఒకటి రెండు పూటల్లో సర్దుకుంటుంది. అలా తగ్గకపోగా మాటిమాటికీ వెళ్ళాలనిపించి చుక్కలు చుక్కలుగా వస్తుంటే, పొత్తికడుపు బరువుగా ఉంటే, మూత్రం మడ్డిగా, దుర్వాసనగా ఉంటే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. దానికి సబ్జా, పల్లేరు కషాయం చాలవు.

నొప్పికి ముందుగా పారాసెటమాల్. మన డోలో 650, ఇక్కడి పనడాల్ రెండింట్లోనూ ఉన్నది అదే మందు, కలిపి వేసుకోకూడదు. డోలో అయితే 6 గంటలకొకటి, రోజుకు 4కు మించకూడదు. లివర్ జబ్బుంటే డాక్టర్ని అడగకుండా వద్దు. బ్రూఫెన్ లాంటివి ఖాళీ కడుపున, వాంతులవుతున్నప్పుడు, కిడ్నీ జబ్బున్నప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు వేసుకోవద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీకి రక్తం అందడాన్ని తగ్గిస్తాయి.

మంటను అక్కడికక్కడే తగ్గించే మాత్ర ఫెనజోపైరిడిన్. పెద్దవాళ్ళకు మామూలుగా రాసేది 200 మి.గ్రా., రోజుకు మూడుసార్లు, తిన్నాక. రెండు రోజులకు మించి వద్దు. ఇది రంగు మందు. మూత్రనాళం లోపలి పొరను మొద్దుబారుస్తుందే గానీ ఒక్క క్రిమినీ చంపదు. మూడో రోజూ దీన్నే మింగుతుంటే మంట తెలియదు, ఇన్‌ఫెక్షన్ మాత్రం కిడ్నీ దాకా పాకవచ్చు. మేం అన్నిటికన్నా భయపడేది ఈ సుఖానికే.

వేసుకున్న కొద్ది గంటల్లో మూత్రం కనకాంబరం రంగులోకి మారుతుంది. అది రక్తం కాదు, కంగారు పడకండి. లోబట్టల మీద, దుప్పటి మీద పడితే మరక వదలదు, ప్యాడ్ పెట్టుకోండి. ఆ రంగు పరీక్షనూ చెడగొడుతుంది: యూరిన్ టెస్టు పట్టీని రంగు మార్పు చూసే చదువుతారు. అందుకే ముందు శాంపిల్ ఇచ్చి, తర్వాతే మొదటి మాత్ర. శాంపిల్‌కి మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాలి. కిడ్నీ జబ్బు, జి6పిడి లోపం (కొన్ని మందులకు ఎర్ర రక్తకణాలు చితికిపోయే పుట్టు లోపం) ఉన్నవాళ్ళు ఈ మాత్ర ముట్టకూడదు. కళ్ళు పచ్చబడ్డా, పెదాలు నీలంగా మారినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి.

ఊరి మెడికల్ షాపుల్లో ఇచ్చే సిట్రేట్ సిరప్ మూత్రంలో పులుపు తగ్గిస్తుంది. నీళ్ళలో కలుపుకునే తాగాలి. అందులో సోడియం ఎక్కువ కాబట్టి బీపీ, గుండె జబ్బున్నవాళ్ళు అడక్కుండా తాగొద్దు. డాక్టర్ నైట్రోఫ్యూరాంటోయిన్ అనే యాంటీబయాటిక్ (క్రిముల్ని చంపే మందు) రాస్తే సిరప్ ఆపేయండి, ఆ మందు పులుపున్న మూత్రంలోనే బాగా పనిచేస్తుంది.

గదిలో ఎవరో మిగిల్చిన నార్‌ఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలు రెండు వేసుకుని ఆపడం మహా చెడ్డ అలవాటు. బలహీనమైన క్రిములు చస్తాయి, మొండివి మిగిలిపోతాయి. యాంటీబయాటిక్ డాక్టర్ రాసిందే, చెప్పినన్ని రోజులూ.

ఊరి నుంచి మందులు తెచ్చుకునేవాళ్ళు స్ట్రిప్పు కత్తిరించకుండా, పేరు, గడువు తేదీ కనబడేలా, చీటీతో సహా తెచ్చుకోండి. ట్రమడాల్, కొడీన్ కలిసిన నొప్పి మాత్రలు అస్సలు వద్దు. ఇక్కడ అవి నియంత్రిత మందులు, కేసవుతుంది. సిరప్ సీసా 100 మి.లీ. దాటితే చేతి సంచిలో పెట్టనివ్వరు, పెద్ద పెట్టెలో పెట్టండి.

ఆసుపత్రిలో నోరు పెగలకపోతే "హర్‌కా ఫిల్ బౌల్" అనండి, మూత్రంలో మంట అని అర్థం. గర్భమైతే "హామిల్", షుగరుంటే "సుక్కర్". ఈ రెండింట్లో ఏ ఒక్కటున్నవాళ్ళైనా, మగవాళ్ళు, చిన్నపిల్లలు సొంత వైద్యం చేసుకోకుండా మొదటి రోజే చూపించుకోవాలి. చలిజ్వరం, నడుముకి పైన వెనకవైపు ఒక పక్క నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం, అసలు మూత్రమే రాకపోవడం: వీటిలో ఏదున్నా మేడమ్‌కి రాత్రయినా చెప్పండి. పలకకపోతే మీరే ఫోన్ చేయండి: కువైట్‌లో 112, ఒమాన్‌లో 9999, ఖతర్‌లో 999, యూఏఈలో అంబులెన్స్‌కి 998.