అట్లాంటిక్ తీరం వెంట ఐర్లాండ్ ట్రిప్: బయల్దేరే ముందు జాగ్రత్తలు

ఐర్లాండ్ పడమటి తీరం వెంట డొనెగల్ నుంచి కిన్సేల్ దాకా సాగే వైల్డ్ అట్లాంటిక్ వే దాదాపు 2,500 కిలోమీటర్లు. వారంలో మొత్తం చుట్టేద్దామనుకోకండి. క్లేర్, కెర్రీ కౌంటీలు (జిల్లాల్లాంటివి) చూస్తే చాలు.

• యూరప్‌లో చాలా దేశాలకు పనికొచ్చే షెంగెన్ వీసా ఇక్కడ చెల్లదు, ఐర్లాండ్ వీసా విడిగా తీసుకోవాలి. డొనెగల్ పక్కనున్న డెర్రీ నగరం యూకేలోకి వస్తుంది. సరిహద్దులో ఎవరూ ఆపరు కదా అని దాటేయకండి.

• ఎడమవైపు డ్రైవింగే కాబట్టి టెన్షన్ లేదు. కానీ రోడ్లు సన్నం, గొర్రెలు అడ్డొస్తాయి. మ్యాప్ చెప్పే టైముకు ఇంకో సగం కలుపుకోండి. ఆటోమేటిక్ కారు కావాలంటే ముందే బుక్ చేయండి.

• కెర్రీ తీరంలోని స్కెల్లిగ్ మైఖేల్ దీవి మీద దింపే పడవలు సుమారు మే నుంచి సెప్టెంబరు వరకే నడుస్తాయి. టికెట్లు త్వరగా అయిపోతాయి. టికెట్ ఉన్నా, అలలు పెద్దవైతే ఆ ఉదయమే రద్దు చేస్తారు. అందుకే కెర్రీలో ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి. పైకి 600కు పైగా రాతి మెట్లు, చాలాచోట్ల పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు దిగకుండా దీవి చుట్టూ తిప్పి తెచ్చే పడవే మేలు.

• గొడుగు దండగ, గాలికి నిలవదు. రెయిన్ జాకెట్, పట్టున్న బూట్లు కావాలి. క్లేర్‌లో సముద్రం పక్కనే నిటారుగా ఉండే మోహర్ కొండల అంచున సెల్ఫీలు వద్దే వద్దు.

• గాల్వే కౌంటీలోని ఓమీ దీవికి ఆటు సమయంలోనే ఇసుక మీదుగా వెళ్లగలం. పోటు వేళలు చూసుకుని, నీళ్లు రాకముందే తిరిగి రావాలి.

• ఆవకాయ సరే గానీ, నెయ్యి, కోవా పెట్టెలో పెట్టకండి. ఇండియా నుంచి పాల పదార్థాలు తేనివ్వరు.

• ప్రమాదమైతే 112కు ఫోన్ చేసి కోస్ట్ గార్డ్ కావాలని చెప్పండి.