ఒక్క సబ్జెక్టులో సి గ్రేడ్: ఎం.ఎస్. అప్లికేషన్‌కి దెబ్బ ఎక్కడ, మందు ఏమిటి

రిజల్ట్స్ వచ్చిన రాత్రి జూనియర్ల మెసేజ్‌లన్నీ ఒకే తీరుగా ఉంటాయి. "అక్కా, ఎం-2 (మ్యాథ్స్-2)లో సి వచ్చింది. ఇంక అమెరికా లేనట్టేనా?" కింద మెమో ఫొటో, ఆ గ్రేడు చుట్టూ ఎర్ర సున్నా. అడ్మిషన్ కమిటీ చేతికి వెళ్లే ట్రాన్‌స్క్రిప్టు మీద ఆ ఎర్ర సున్నా ఉండదు. ఎనిమిది సెమిస్టర్ల సబ్జెక్టుల్లో అదొక వరుస, అంతే. అయితే కొన్ని చోట్ల మాత్రం ఆ వరుస నిజంగానే గుచ్చుకుంటుంది. మీది ఏ రకమో చూసుకోండి.

సమస్య: "నా సీజీపీఏ మొత్తం పోయింది"

సీజీపీఏ అంటే అన్ని సెమిస్టర్ల గ్రేడు పాయింట్ల సగటు. కారణం చాలావరకు కంగారు. లెక్క వేసి చూడండి. 160 క్రెడిట్ల బీటెక్‌లో 4 క్రెడిట్ల సబ్జెక్టు. ఎ (8 పాయింట్లు) వస్తుందనుకుంటే సి (5) వచ్చింది. పోయింది 12 పాయింట్లు. 160తో భాగిస్తే 0.075. అంటే 8.00 రావాల్సింది 7.92 దగ్గర ఆగింది. దీని కోసం రెండు రోజులు అన్నం మానేసినవాళ్లు నాకు తెలుసు.

గీత మీద నిలబడ్డవాళ్ల సంగతి వేరు. జర్మనీలో చాలా కోర్సులు 2.5 కంటే మెరుగ్గా అడుగుతాయి (అక్కడ అంకె తగ్గేకొద్దీ మంచిది). గరిష్ఠం 10, పాస్ గ్రేడు 5 అనుకుని వాళ్ల సూత్రంలో వేస్తే, 10లోంచి మీ సీజీపీఏ తీసేసి, 5తో భాగించి, 3తో గుణించి, 1 కలపాలి. 7.53కి 2.48 వస్తుంది. సీజీపీఏలో 0.075 తగ్గితే అది 2.53 అవుతుంది. ఒక్క సి వల్ల గుమ్మం బయట పడ్డట్టే.

పరిష్కారం: రిజల్ట్స్ ఇప్పుడే వచ్చుంటే రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ ఆఖరు తేదీ చూసుకోండి, గడువు కొద్ది రోజులే ఉంటుంది. అది దాటిపోయుంటే రాబోయే సెమిస్టర్లలో నాలుగు మూడు-క్రెడిట్ సబ్జెక్టుల్లో ఒక్కో మెట్టు పైకెక్కండి, ఆ 12 పాయింట్లూ వెనక్కొస్తాయి. కెనడా వైపు చూసేవాళ్లకు ఇంకో సంగతి: యూబీసీ (యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియా) మూడో, నాలుగో ఏడాది స్థాయి కోర్సుల సగటు చూస్తుంది, టొరంటో ఆఖరి ఏడాది సగటు చూస్తుంది. ఫస్టియర్ ఎం-1 అక్కడ పెద్ద విషయం కాదు.

అన్నట్టు, సీజీపీఏని మీ అంతట మీరే 2.5తో భాగించి 4 స్కేలుకి మార్చకండి. ఫారంలో మీ కాలేజీ స్కేలులోనే రాయమంటే 7.92/10 అనే రాయండి.

సమస్య: సి వచ్చింది నేను చదవబోయే దాంట్లోనే

నన్నడిగితే నిజంగా పట్టించుకోవాల్సింది ఇదొక్కటే. సీఎస్ఈ కుర్రాడికి ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో సి వస్తే ఎవరూ కన్నెత్తి చూడరు. మెషీన్ లెర్నింగ్ చదువుతానని వస్తూ ప్రాబబిలిటీలో సి తెచ్చుకుంటే మాత్రం చూస్తారు. సగటు చూసి పక్కన పెట్టే మనిషి వేరు, ఆ రంగంలోనే పాఠం చెప్పే ప్రొఫెసర్ వేరు. రెండోవాడి కన్ను నేరుగా ఆ వరుస మీదికే పోతుంది.

పరిష్కారం: అదే సబ్జెక్టులో కొత్త రుజువు చూపించాలి. ఐఐటీల ప్రొఫెసర్లు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఎన్‌పీటీఈఎల్‌లో 12 వారాల కోర్సు తీసుకోండి. సాధారణంగా అసైన్‌మెంట్లకు 25 శాతం, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకు 75 శాతం వెయిటేజీ. వీడియోలు చూసి తెచ్చుకున్న సర్టిఫికెట్ కంటే దీనికి విలువెక్కువ. 90 దాటితే గోల్డ్ వస్తుంది.

డబ్బు ఖర్చు లేని రుజువు ఇంకొకటి మీ మెమోల్లోనే ఉండొచ్చు. నాకు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో సి. దాని మీదే నిలబడే డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్)లో తర్వాతి ఏడాది ఎ ప్లస్. రికమండేషన్ లెటర్ అడగడానికి డీఎస్పీ సర్ దగ్గరికి వెళ్లినప్పుడు రెండు మెమోలూ బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, "ఇది రాకుండా అదెట్లా వచ్చిందమ్మా?" అన్నారు. సెలవుల్లో కూర్చుని మొదటి నుంచి లెక్కలన్నీ మళ్లీ చేశానని చెప్పాను. లెటర్‌లో ఆ సంగతే రెండు వాక్యాలు రాశారు. నేను ఎస్ఓపీలో (ఎందుకు చదవాలనుకుంటున్నామో అప్లికేషన్‌తో పంపే వ్యాసం) పేజీ నింపినా అంత పని చేసేది కాదు.

సమస్య: ఎస్ఓపీ నిండా ఆ గ్రేడే

కారణం: మనసులో ఉన్నది కాగితం మీదికి వచ్చేయడం. మొన్న ఒకమ్మాయి ఎస్ఓపీ చదివాను. మొదటి పేరా డెంగీ, రెండో పేరా హాస్టల్ తిండి, మూడో పేరా పేపర్ ఎంత కష్టంగా వచ్చిందో. రీసెర్చ్ ఆసక్తి ఆఖర్న రెండు లైన్లు.

పరిష్కారం: "అదనపు సమాచారం" అని పెట్టె ఉంటే అందులో రాయండి, మూడు వాక్యాలు చాలు. "నాలుగో సెమిస్టర్ పరీక్షలప్పుడు డెంగీతో ఆసుపత్రిలో ఉన్నాను. ఆ సబ్జెక్టులో సి వచ్చింది. తర్వాత దాని పై కోర్సులో ఎ ప్లస్ తెచ్చుకున్నాను." చెప్పుకోదగ్గ కారణం లేకపోతే అసలు రాయకండి. లేని జబ్బు తెచ్చిపెట్టుకోవద్దు.

సమస్య: సి కూడా కాదు, ఎఫ్. సప్లీలో క్లియర్ అయింది

మెమో మీద పరీక్ష నెల, సంవత్సరం ఉంటాయి కాబట్టి ఎప్పుడు పాసయ్యారో తెలిసిపోతుంది. ఫారంలో బ్యాక్‌లాగ్‌లు (ఫెయిలైన సబ్జెక్టులు) ఎన్నని అడిగితే ఒకటని రాయండి. ఒకటికి తలుపు మూసేసేవాళ్లు తక్కువ. "మెమో క్లీన్ చేసి ఇస్తాం" అనే కన్సల్టెన్సీ ఎదురైతే ఫైలు తీసుకుని వచ్చేయండి. యూనివర్సిటీ నుంచి నేరుగా వెళ్లే ట్రాన్‌స్క్రిప్టుతో తేడా బయటపడితే, చేరాక కూడా సీటు పోతుంది.

సమస్య: ఎం.టెక్. అనుకుంటున్నాను, అక్కడా ఇదే గోలా?

కాదు. ఐఐటీల్లో బరువంతా గేట్ ప్రవేశ పరీక్ష స్కోరుదే. డిగ్రీలో సాధారణంగా 60 శాతం లాంటి కనీస అర్హత దాటితే చాలు. రాష్ట్ర స్థాయి ఎం.టెక్. ప్రవేశ పరీక్ష పీజీఈసెట్‌కి 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవారికి 45. ఒక్క సి వల్ల ఈ గీతలు దాటలేకపోవడం అరుదు.

సమస్య: ఫైనలియర్‌లో ఉన్నాను, ఎఫ్ ఇంకా క్లియర్ కాలేదు

దారి మొత్తం మూసేది ఇదే. అడ్మిట్ వచ్చినా సరే, సబ్జెక్టు మిగిలిపోతే ప్రొవిజనల్ సర్టిఫికెట్ రాదు, అది లేకుండా చేరడం కష్టం. సప్లీ ఎప్పుడు, రిజల్ట్ ఎప్పుడు రావచ్చు, క్లాసులు ఏ తేదీన మొదలు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. ఆగస్టులోపు కుదరదనిపిస్తే విమానం టికెట్టు కొనకముందే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి, అడ్మిషన్‌ని స్ప్రింగ్‌కి (జనవరిలో మొదలయ్యే సెమిస్టర్‌కి) మార్చగలరేమో అడగండి.