సొంత ఎక్సెప్షన్ రాసే ముందు: ల్యాబ్ పరీక్షల వేళ కొన్ని జాగ్రత్తలు

ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోతే విద్యార్థులు కంగారు పడతారు. నాకు భయం వేసేది మాత్రం ఆగవలసిన చోట ఆగకుండా, తప్పు లెక్కను నిబ్బరంగా తెరమీద చూపించే ప్రోగ్రామ్‌ను చూసినప్పుడు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష ల్యాబ్ పరీక్షలు దగ్గరపడిన రోజుల్లో ఇలాంటివి ఎక్కువగా నా కంట పడతాయి. ఎర్రర్ కనబడకపోతే చాలన్న ఆత్రంలో, దాన్ని పట్టుకునే ‘ఎక్సెప్ట్’ అని రాసి, దాని కింద ‘ఏమీ చేయకు’ అని అర్థమిచ్చే ‘పాస్’ పెట్టి ఊరుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి.

కరెంటు బిల్లు లెక్కించే చిన్న ప్రోగ్రామ్ తీసుకుందాం. గత నెల రీడింగ్ 4180, ఈ నెల 4310. వాడిన యూనిట్లు 130. టైపు చేసేటప్పుడు చివరి సున్నా పడలేదు, 431 అయింది. ప్రోగ్రామ్ మైనస్ 3749 యూనిట్లు అంటుంది. పైథాన్ వరకు ఇందులో తప్పేమీ లేదు, తీసివేత సరిగ్గానే జరిగింది. మీటరు రీడింగ్ మామూలుగా వెనక్కి నడవదన్న సంగతి మీకు తెలుసు, దానికి తెలియదు. ఎక్సెప్షన్ అంటే పని ఇలా ముందుకు సాగకూడదని ప్రోగ్రామ్ ఇచ్చే సంకేతం. సొంత ఎక్సెప్షన్ అవసరం సరిగ్గా అక్కడ పుడుతుంది.

అలాగని ప్రతి పొరపాటుకూ ఒక క్లాస్, అంటే కొత్త రకం ఎక్సెప్షన్‌కు నిర్వచనం, రాయనక్కర లేదు. అంకెల చోట అక్షరాలు పడితే, వాటిని సంఖ్యగా మార్చబోయినప్పుడు పైథాన్ తానే ‘వాల్యూఎర్రర్’ ఇస్తుంది, అది చాలు. రెండు తప్పులకు రెండు వేర్వేరు పనులు చేయవలసి వచ్చినప్పుడే కొత్త పేరు పెట్టండి. అక్షరం పడితే రీడింగ్ మళ్లీ అడిగితే సరిపోతుంది. రీడింగ్ తగ్గితే అలా కాదు. ఐదంకెల మీటరు 99999 దాటాక సున్నాకు తిరిగి వస్తుంది. గత నెల 99990, ఈ నెల 12 అయితే వాడినవి నిజంగానే 22 యూనిట్లు. లేదా పాత మీటరు తీసి కొత్తది బిగించి ఉండవచ్చు. ఏది జరిగిందో తేల్చాలంటే రెండు రీడింగులూ చేతిలో ఉండాలి. అందుకే ‘రీడింగ్ తప్పు’ అనే ఒక్క వాక్యంతో ఎక్సెప్షన్‌ను పంపకండి. పాత రీడింగ్, కొత్త రీడింగ్ రెండింటినీ అందులో దాచి పంపండి.

దాచేటప్పుడు చాలామంది మరిచిపోయేది ఒకటుంది. ఎక్సెప్షన్ తయారయ్యేటప్పుడు నడిచే మీ ‘ఇనిట్’ పద్ధతిలో ‘సూపర్’ ద్వారా, మీ క్లాస్‌కు ఆధారమైన మాతృ క్లాస్‌కు సందేశం అందించాలి. అందించకపోతే ఎర్రర్‌ను ప్రింట్ చేసినప్పుడు మీరు అనుకున్న వాక్యం రాదు, బ్రాకెట్లలో 4180, 431 అని రెండు అంకెలు వస్తాయి. చూసినవారికి ఏమీ అర్థం కాదు.

మాతృ క్లాస్‌గా ‘ఎక్సెప్షన్’ను తీసుకోండి, ‘బేస్‌ఎక్సెప్షన్’ను కాదు. కంట్రోల్-సి నొక్కితే వచ్చే ‘కీబోర్డ్‌ఇంటరప్ట్’ ఆ రెండోదాని కిందకే వస్తుంది. ఏ పేరూ రాయని ఉత్త ‘ఎక్సెప్ట్’ దాన్ని కూడా మింగేస్తుంది. అది లూప్‌లో ఉంటే ప్రోగ్రామ్‌ను ఆపడానికి మీరు ఎన్నిసార్లు నొక్కినా ఆగదు. పరీక్ష గదిలో ఆ స్థితి ఎవరికీ రాకూడదు. ఇక పేరు చివర ‘ఎర్రర్’ అని ఉంచడం పైథాన్‌లో ఆనవాయితీ.

‘ఎక్సెప్ట్’ల వరుస కూడా చూసుకోండి. ‘మీటర్‌ఎర్రర్’ కింద ‘రీడింగ్‌తగ్గిందిఎర్రర్’ అనే పిల్ల క్లాస్ ఉందనుకోండి. తల్లిని పైన రాసి పిల్లను కింద రాస్తే, కిందిదానికి ఎప్పటికీ పని పడదు. ఇలా రాస్తే జావా కంపైలర్ ఒప్పుకోదు. పైథాన్ ఒక్క మాట కూడా అనదు, కాబట్టి కాపలా మీదే.

ఎక్సెప్షన్‌ను విసిరేది ఒకచోట, పట్టుకునేది మరొకచోట. పట్టుకునే చోటును ఎంచుకోవడంలోనే అసలు వివేకం ఉంది. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్ 5 రాకెట్ తొలిసారి ఎగిరింది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోతే, విలువ అందులో పట్టలేదు. ప్లస్, మైనస్ గుర్తు కూడా ఉండే 16 బిట్ల పూర్ణాంకంలో పట్టే గరిష్ఠ విలువ 32,767 మాత్రమే. ఎక్సెప్షన్ వచ్చింది, కానీ ఆ మార్పిడి దగ్గర దాన్ని పట్టుకునే ఏర్పాటు లేదు. దిశను చెప్పే వ్యవస్థ తనను తాను ఆపేసుకుంది. అదే సాఫ్ట్‌వేర్‌తో నడుస్తున్న తోడు యంత్రానికీ అదే గతి పట్టింది. ప్రయోగం మొదలైన సుమారు 40 సెకన్లకు రాకెట్ ముక్కలైంది. మన బిల్లు ప్రోగ్రామ్‌లో లెక్కించే ఫంక్షన్‌కు మీటరు మార్చారో లేదో తెలియదు. కాబట్టి అది ఎక్సెప్షన్‌ను విసరాలి, అంతే. వాడుకరిని అడగగలిగిన పై ఫంక్షనే దాన్ని పట్టుకోవాలి.

‘వాల్యూఎర్రర్’ను పట్టుకుని మీ సొంత ఎర్రర్‌గా మార్చి విసురుతుంటే ‘ఫ్రమ్’ జోడించండి. మొదటి కారణం ఏమిటో, ఎర్రర్ వచ్చిన దారిని చూపే ట్రేస్‌బ్యాక్‌లో స్పష్టంగా కనబడుతుంది. ఎర్రర్ వచ్చినా రాకున్నా నడిచే ‘ఫైనల్లీ’లో ‘రిటర్న్’ రాయకండి, పైకి వెళ్తున్న ఎక్సెప్షన్ అక్కడే మాయమవుతుంది.

పరీక్షకు ముందు రోజు కొత్త కోడ్ రాయవద్దు. ఉన్న ప్రోగ్రామ్‌కు ఐదు జతలు ఇచ్చి చూడండి: 4180 తరువాత 4310, 4180 తరువాత 431, రెండుసార్లూ 4180, 99990 తరువాత 12, ఒక సంఖ్యకు బదులు ఖాళీ. రెండుసార్లూ 4180 అయితే సున్నా యూనిట్లు రావాలి, ఎర్రర్ రాకూడదు, ఎందుకంటే తాళం వేసిన ఇంట్లో మీటరు తిరగదు.