ఎలక్ట్రిక్ కారు కొనే ముందు పార్కింగ్‌లో ప్లగ్ సంగతి తేల్చుకోండి

ఎలక్ట్రిక్ కారు తీసుకుందామనుకుంటున్నాం, ఏ మోడల్ బాగుంటుంది అని మా బ్యాంకులో ఎవరు అడిగినా నేను తిరిగి అడిగేది ఒకటే. రాత్రి బండి ఎక్కడ పెడతారు, అక్కడికి మీ మీటరు నుంచి లైను వస్తుందా? నేను విజయవాడలో ఉంటాను, రోజూ గుంటూరు వెళ్లి వస్తాను. రానూపోనూ 75 కిలోమీటర్ల దాకా అవుతుంది. ఈ కారుతో టెన్షన్ లేకుండా గడుస్తోందంటే సగం పుణ్యం మా సెల్లార్‌లో పిల్లర్‌కి బిగించిన 16 ఆంపుల సాకెట్‌దే.

ముందు లెక్క వేసుకోండి. బ్రోషర్‌లో రాసిన రేంజ్‌లో, అంటే ఒక్క ఫుల్ ఛార్జ్‌తో నడిచే దూరంలో, మూడింట రెండు వంతులే మీది అనుకోండి. ఊళ్లో, హైవే మీద కలిపి యూనిట్‌కి ఆరేడు కిలోమీటర్లు వస్తుంది. ఛార్జింగ్‌లో వృథా అయ్యేది కూడా కలుపుకుంటే నా తిరుగుడుకి రోజుకి 12, 13 యూనిట్లు. 16 ఆంపుల సాకెట్ గంటకి 3 యూనిట్ల దాకా ఇస్తుంది. రాత్రి అన్నం తిని ప్లగ్ పెడితే తెల్లవారేలోపు ఎప్పుడో అయిపోతుంది. రోజుకి వంద కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లకి గోడకి బిగించే 7.2 కిలోవాట్ల పెద్ద ఛార్జరు, అదే వాల్‌బాక్స్, అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. దానికి 32 ఆంపుల లైను, లావు కేబులు, ఇంకా ఎక్కువ లోడు కావాలి. ఆ డబ్బు మంచి వైరింగ్‌కి పెట్టండి.

అపార్ట్‌మెంట్ అయితే షోరూమ్‌కి వెళ్లకముందే అసోసియేషన్ సెక్రటరీ గారితో మాట్లాడండి. కామన్ కరెంటు వాడేస్తారేమోనన్నదే అందరి అనుమానం. లైను మా ఫ్లాట్ మీటరు నుంచే లాగుతున్నాం, బిల్లు మాకే వస్తుంది అని కాగితం మీద రాసి, కేబులు ఎటు నుంచి పోతుందో గీసి ఇవ్వండి. ఇంటికి ఉన్న కనెక్షన్ మీదే సొంత బండి ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ పేజీ ప్రింట్ తీసి జతచేస్తే సగం వాదన తగ్గుతుంది.

కరెంటు బిల్లులో శాంక్షన్డ్ లోడు, అంటే మీ ఇంటికి ఒకేసారి వాడుకోవడానికి మంజూరైన లోడు, ఎంతో చూడండి. 3 కిలోవాట్లే ఉంటే, ఏసీ నడుస్తుండగా కారు పెట్టగానే దాటిపోతుంది. విద్యుత్ ఆఫీసులో అప్లికేషన్ పెట్టి పెంచుకోండి. మన ఆంధ్రలో ఇంటి వాడకం నెలకి 400 యూనిట్లు దాటితే, ఆపైన యూనిట్‌కి 9.75 రూపాయలు. కారుతో ఆ గీత దాటేవాళ్లే ఎక్కువ. ఈవీ టారిఫ్ వేరుగా ఉంది కాబట్టి విడి మీటరు ఇస్తారేమో కూడా అక్కడే అడగండి. 9.75 చొప్పునే వేసుకున్నా కిలోమీటరుకి రూపాయిన్నర చిల్లర. లీటరుకి 15 ఇచ్చే పెట్రోలు కారుకి ఏడు రూపాయలు దాటుతుంది.

అసలు కీలకం ఎర్తింగ్. ఎర్త్ సరిగా లేకపోతే ఛార్జరు ఎర్ర లైటు వెలిగించి మొండికేస్తుంది. కారులో ఏదో పోయిందని జనం సర్వీస్ సెంటర్‌కి పరిగెడతారు. మాకు ఒక పెద్దాయన ఎలక్ట్రీషియన్ ఉన్నారు. హోల్డర్‌లో వంద వాట్ల పాత బల్బు, దానికి రెండు వైర్లు తెచ్చారు. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ పెడితే బల్బు ఫుల్‌గా వెలిగింది. న్యూట్రల్‌లోది తీసి ఎర్త్‌కి పెట్టగానే గుడ్డి దీపంలా అయిపోయింది. "అమ్మా, మీ బిల్డింగ్ ఎర్త్ ఎండిపోయింది" అన్నారు. ఎర్త్ వైరు భూమిలోకి దిగే గుంత, అదే పిట్, మూత తీస్తే మట్టి బీటలు వారి ఉంది, క్లాంప్ తుప్పు పట్టి ఉంది. క్లాంప్ మార్చి, బొగ్గు, ఉప్పు వేసి, నీళ్లు పోయించారు. మళ్లీ పెడితే రెండు చోట్లా ఒకటే వెలుగు. చివర్లో మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 2 వోల్టులు చూపించారు. ఇది 5 లోపు ఉండేలా చూసుకోండి. ఎండాకాలంలో వారానికోసారి ఆ పిట్‌లో రెండు బకెట్ల నీళ్లు పోయమని వాచ్‌మన్‌కి చెప్పి పెట్టండి. ఈ టెస్టు మాత్రం మీరు చేయకండి, తెలిసినవాళ్ల చేతే చేయించండి.

మీటరు నుంచి సాకెట్ దాకా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేయించండి, దూరం ఎక్కువైతే 6. మధ్యలో జాయింట్లు వద్దు. లోడు ఎక్కువైతే ఆపేసే 20 ఆంపుల ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు జోలికి అస్సలు పోకండి. సాకెట్ ఛాతీ ఎత్తుకి తగ్గకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునగడం బెజవాడ వాళ్లం కళ్లారా చూశాం. నీళ్లు వస్తున్నాయని తెలియగానే ముందు ఎంసీబీ ఆపేయండి.

మొదటి వారంలో, ఛార్జింగ్ పెట్టిన గంటకి వెళ్లి ప్లగ్ మీద చెయ్యి వేసి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉన్నా, పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగినా వెంటనే ఆపి సాకెట్ మార్పించండి.

ఇక షోరూమ్. పెద్ద స్క్రీన్, సన్‌రూఫ్ చూపిస్తారు, చూడండి. మీరు అడగాల్సింది బ్యాటరీ ఎల్‌ఎఫ్‌పీనా, ఎన్‌ఎంసీనా అని. లిథియం బ్యాటరీల్లో ఇవి రెండు రకాలు. ఎన్‌ఎంసీ అయితే మామూలు రోజుల్లో 80 శాతం దగ్గర ఆపుకోవడం మంచిది. ఎల్‌ఎఫ్‌పీ అయితే అప్పుడప్పుడూ నూరు దాకా నింపాలి, లేకపోతే మిగిలిన శాతం సరిగా చూపించదు. ఏసీకి విడిగా బటన్లున్న కారే తీసుకోండి. కాజ టోల్ గేటు దగ్గర లారీల మధ్య స్క్రీన్ మీద మెనూలు వెతుక్కోవడం ప్రమాదం, ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను.

హైదరాబాద్ వెళ్లేటప్పుడు సూర్యాపేటలో ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టుకుంటే దారి సుమారు సగానికి తెగుతుంది. 20 శాతం ఉండగానే అక్కడికి చేరండి, ఒక ఛార్జరు పనిచేయకపోతే ఇంకోదానికి వెళ్లే ఓపిక బండిలో మిగలాలి. 80 శాతం దాటాక ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది. ప్లగ్ తీసి వెనక ఉన్నవాళ్లకి ఇచ్చి బయల్దేరండి. కనీసం రెండు కంపెనీల యాప్‌లు పెట్టుకుని, వాలెట్లలో డబ్బులు ఇంటి దగ్గరే వేసుకోండి. హైవే పక్కన సిగ్నల్ లేక ఓటీపీ రాకపోతే కేబులు చేత్తో పట్టుకుని నిలబడాల్సి వస్తుంది.